చప్పుడు రాని గోడలు

సిరిసిల్లలో మా మరమగ్గాల, అదే మా దగ్గర సాంచాలంటారు, వాటి షెడ్డు పక్కనే ఇల్లు కడుతున్నాం. గోడలకు ఇటుక వద్దు, థర్మాకోల్ అచ్చులు నిలబెట్టి మధ్యలో కాంక్రీటు పోద్దామని నేనే పట్టుబట్టాను. ఎండ వేడీ, మగ్గాల మోతా లోపలికి రావు. ఆ పని తెలిసిన మేస్త్రీ కోరుట్లలో ఉన్నాడంటే, అతను కట్టిన ఇల్లు చూడడానికి ఈ రోజు మా అత్తమ్మను వెంటబెట్టుకుని వెళ్లాను.

ఇంటి ముందే రోడ్డు, ఆగకుండా లారీలు. మేస్త్రీ తలుపులు, కిటికీలు మూసి, "ఇగ సూడుండ్రి, ఏమన్న ఇనవడ్తుందా?" అన్నాడు. నిజంగానే ఏమీ వినపడలేదు. నేను మురిసిపోయాను. అత్తమ్మ మాత్రం గబుక్కున లేచి తలుపు తీసేసింది.

"ఏమైంది అత్తమ్మా?"

"నక్సలైట్ల కాలంల సాంచాలు ఒక్కసారే ఆగినయంటే, అన్నలో పోలీసోల్లో వాడకట్టుకు అచ్చినట్టే బిడ్డా. షెడ్డుల సప్పుడు ఇనవడ్తుంటెనే మీ మామ మంచిగున్నడని ధైర్యం. గిట్ల సప్పుడే లేకుంటె నాకు నిద్రెట్ల పడ్తది?"

పని ఆ మేస్త్రీకే అప్పగించాను. గోడలు నేననుకున్నవే. అత్తమ్మ గదికి మాత్రం షెడ్డు వైపు పెద్ద కిటికీ పెట్టమన్నాను.

"గింత మంచి గోడ కట్టి, దానికి గంత పెద్ద కిటికేంది మేడమ్?" అని మేస్త్రీ తల పట్టుకున్నాడు.

"పెట్టు" అన్నాను.

తిరుగు దారి పొడుగునా అత్తమ్మ ఆ కిటికీకి ఏ రంగు పరదా బాగుంటుందో చెబుతూనే ఉంది. మోత ఉంటేనే నిద్రపోయేవాళ్లు మీ ఇళ్లలోనూ ఉన్నారా, లేక మా ఇంట్లోనేనా?