ధూల్‌పేట్ మట్టి మీద వచ్చిన వ్యాసం

పాతబస్తీలోని ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో నేను లైబ్రేరియన్‌ని. గోదావరి జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాను. ఒక మధ్యాహ్నం, మా దగ్గర బీఎస్సీ చదివే అమ్మాయి వాళ్ల నాన్నను వెంటబెట్టుకుని వచ్చింది. ఆయనది ధూల్‌పేట్‌. వినాయక విగ్రహాలు చేస్తాడు.

మట్టి విగ్రహాలు ఆరేటప్పుడు ఎందుకు పగులుతాయో చెప్పే పరిశోధన వ్యాసం ఒకటి అమ్మాయికి ఫోన్లో కనిపించిందట. తెరవబోతే డబ్బు కట్టమందట.

"నాలుగేండ్ల కింద ఒక మేడం మా కార్ఖానాకు వచ్చింది. సంచిల మట్టి నింపుకొని పోయింది. ఎట్ల కలుపుతమో దినమంతా అడిగి రాసుకున్నది," అన్నాడాయన నవ్వుతూ. "మా మట్టి ముచ్చట మేం చదువాల్నంటే పైసలు కట్టాల్నట. గిదేం లెక్క మేడం?"

ఆ వ్యాసం వచ్చిన పత్రిక మా కాలేజీకి రాదు. కానీ వ్యాసం సారాంశం కింద, పరిశోధనకు ప్రభుత్వం నిధులిచ్చిందని ఉంది. అలాంటి వ్యాసాల ప్రతిని, పత్రిక పెట్టిన గడువు దాటాక, అందరూ చదివేలా యూనివర్సిటీ వెబ్‌సైట్లో ఉంచాలని ప్రభుత్వ విధానం చెబుతోంది. సెమినార్లలో ఆ మాట ఎన్నోసార్లు విన్నాను, ఎవరినీ అడిగిన పాపాన పోలేదు. ఆ సాయంత్రమే, మట్టి పట్టుకెళ్లి వ్యాసం రాసిన ఆ పరిశోధకురాలికి మెయిల్ రాశాను.

మూడోరోజు ఆవిడే ఫోన్ చేసింది. వెబ్‌సైట్లో పెట్టడం మర్చిపోయానని సిగ్గుపడింది. ఆ రోజే లింకు పంపింది.

ముగ్గురం లైబ్రరీలో కూర్చున్నాం. నేనూ అమ్మాయీ ఒక్కో వాక్యం తెలుగులో చెబుతుంటే ఆయన శ్రద్ధగా విన్నాడు. మట్టిలో కలిపే కొబ్బరి పీచు కొలతలు రాగానే ఆపమన్నాడు.

"గిది వానకాలం లెక్క. ఎండల గింతే పీచు ఏస్తే పగులుతది."

వెంటనే ఆవిడకు ఫోన్ కలిపాం. తను వచ్చింది వానాకాలంలోనేనని ఒప్పుకుంది. తర్వాత, మళ్లీ ఎప్పుడు రమ్మంటారని ఆవిడ ఆయన్నే అడిగింది.

వేసవిలో వచ్చి కొత్త కొలతలు తీసుకుంది. చూద్దామని నేనూ వెళ్లి చీరంతా మట్టి చేసుకున్నాను. రెండో వ్యాసం మొదటి రోజు నుంచే అందరికీ ఉచితంగా దొరికింది. అందులో ఆయన పేరూ ఉంది. ఆ లింకు ఇప్పుడు వాళ్ల గల్లీలో ప్రతి ఫోన్లోనూ ఉందట. పక్క కార్ఖానా వాళ్లు మాత్రం ఆ పీచు లెక్క కూడా తప్పేనని రోజూ ఆయనతో లొల్లి పెట్టుకుంటున్నారట.