కనకలక్ష్మి టీచరు సైకిలు ఓవర్‌బ్రిడ్జి ఎక్కిన రోజు

కనకలక్ష్మి టీచరుకి వేగమంటే చిన్నప్పటి నుంచీ పిచ్చి. గుంటూరులో డిగ్రీ చదివే రోజుల్లో కాలేజీల సైకిలు పందెంలో పొన్నూరు రోడ్డు మీద దూసుకుపోయి, ఇంట్లో తిట్లు తిని, దారి పొడుగునా వడ్లు ఆరబోసుకుంటున్న వాళ్ల చేత చప్పట్లు కొట్టించుకున్న మనిషి. ఆ పందెం కోసం మేనమామ మద్రాసు నుంచి తెచ్చిచ్చిన ఉక్కు రేసు సైకిలుని పెళ్లయ్యాక నల్లపాడు కాపురానికి కూడా వెంటబెట్టుకొచ్చింది. సన్నటి గొట్టాలు, ముదురు ఎరుపు రంగు, పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు.

తర్వాత హైస్కూల్లో లెక్కల టీచరు ఉద్యోగం వచ్చింది. పిల్లలు పుట్టారు, పెరిగారు. సైకిలు పెరటి వసారాలో దూలానికి వేలాడింది. పౌరోహిత్యం చేసే భర్త రామమూర్తి గారికి గొడుగూ తడి తువ్వాళ్లూ తగిలించుకోవడానికి ఆ హ్యాండిలు మహా అనువుగా కుదిరింది.

నిరుడు ఆవిడ మోకాళ్లు మొరాయించాయి. డాక్టరు ఎక్స్‌రే చూసి, నడక తగ్గించి రోజూ కాసేపు సైకిలు తొక్కమన్నాడు. మిగతా మందుల సంగతి ఆయన ఏం చెప్పాడో ఆవిడ వినలేదు. ఆటో దిగి తిన్నగా వసారాలోకి వెళ్లి, తువ్వాళ్లన్నీ లాగి అవతల పడేసింది.

టైర్లు మార్చి, చైనుకి నూనె పట్టించి, మర్నాడే రోడ్డెక్కింది. నల్లపాడు చుట్టూ నేలంతా చాప పరిచినట్టు చదును. ఎక్కాల్సిన ఎత్తంటూ ఉంటే అది రైల్వే ఓవర్‌బ్రిడ్జి ఒక్కటే. ఆ బ్రిడ్జి సగానికి వచ్చేసరికి పెడలు రాయిలా బిగుసుకుంది. ఆ కాలపు రేసు సైకిళ్లకి ఉన్న గేర్లన్నీ ఇరవయ్యేళ్ల కాళ్ల కోసం చేసినవి. వెనక పత్తి లారీ హారను కొడుతోంది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, దిగి నెట్టుకోండమ్మా అని మర్యాదగానే చెప్పాడు. ఆవిడ దిగి నెట్టుకుంది. ఇంటికొచ్చాక మంచినీళ్లు కూడా తాగకుండా ఫోను తీసి, పాత సైకిళ్లకి కొత్త గేర్లు పెట్టడమెలాగో చూపించే వీడియోలు వెతకడం మొదలుపెట్టింది.

స్టేషను దగ్గర సైకిలు షాపు నడిపే హయాత్ ఒకప్పుడు ఆవిడ దగ్గర ఎనిమిదో తరగతి చదువుకున్నవాడే. ఇప్పుడు నెత్తిన జుట్టు పలచబడింది గానీ, టీచరు గుమ్మంలో కనబడితే ఇప్పటికీ స్టూలు మీంచి లేచి నిలబడతాడు. ఆ వీడియోలు చూసి అతనికీ ఉత్సాహం పొంగింది. పిల్లల సైకిళ్లకి పంక్చర్లు వేసీ వేసీ విసుగెత్తి ఉన్నాడు. ముందూ వెనకా చక్రాలు, పెద్ద పెద్ద పళ్లచక్రాల గుత్తి, కొత్త చైను, బ్రేకు పిడిలోనే వేలితో నొక్కితే గేరు మారే మీటలు, అన్నీ బెంగళూరు నుంచి తెప్పించారు. పార్సిలు విప్పేటప్పుడు ఇద్దరూ పండక్కి కొత్త బట్టల మూట విప్పే పిల్లల్లా ఒకరి చేతుల్లోంచి ఒకరు లాక్కున్నారు.

తీరా చూస్తే కొత్త వెనక చక్రం పాత ఫ్రేములో పట్టలేదు. పళ్లచక్రాలు ఎక్కువయ్యేసరికి ఇరుసు వెడల్పయింది. చక్రాన్ని అటూ ఇటూ పట్టుకునే ఫ్రేము వెనక చువ్వలు రెండిటినీ కాస్త ఎడం చేస్తే తప్ప దూరదు. అల్యూమినియం అయితే విరుగుతుంది, ఉక్కు కాబట్టి వంగుతుందని వీడియోలో చెప్పారు. హయాత్ మాత్రం ఫ్రేము మీద చెయ్యేసి తటపటాయించాడు.

"టీచర్ గారూ, విరిగితే మళ్లీ ఇలాంటిది దొరకదు. బాగా ఆలోచించుకోండి."

"దూలానికి వేలాడదీస్తే మాత్రం నాకు దొరికినట్టేంట్రా? తిప్పు."

పొడవాటి మరబోల్టు ఒకటి రెండు చువ్వల మధ్యా పెట్టి, నట్లు మెల్లమెల్లగా బయటికి తిప్పుతూ పోయారు. ఫ్రేము కిర్రుమన్నప్పుడల్లా హయాత్ కళ్లు మూసుకున్నాడు. బోల్టు తీసేస్తే ఉక్కు మళ్లీ యథాస్థానానికి వచ్చేసింది. ఇంకొంచెం తిప్పారు, మళ్లీ వదిలారు. చివరికి అది మాట విని, వంగిన చోట నిలబడింది. కనకలక్ష్మి ముందు గొట్టం నుంచి వెనక చువ్వల దాకా దారం చుట్టి, రెండువైపులా దూరం సమానంగా ఉందో లేదో కొలిచింది. వెంట్రుకంత తేడా లేదు. చక్రం దానంతటదే జారి లోపల కూర్చుంది. టీచరు ఎగిరి గంతేసింది. మోకాలు కలుక్కుమంది. అయినా నవ్వుతూనే ఉంది.

కొత్త రిమ్ములు కొంచెం చిన్నవి కావడంతో పాత బ్రేకులు వాటికి అందలేదు. హయాత్ ఆ బ్రేకుల్ని విప్పి పక్కన పెట్టి, పొడుగు చేతుల బ్రేకులు వచ్చేదాకా ఆగుదామన్నాడు. గేర్లు పడుతున్నాయో లేదో చూస్తాను, వీధి చివరిదాకా వెళ్లి వస్తానని ఆవిడ సైకిలెక్కింది. టిక్కుమని ఒక గేరు పడింది. ఇంకోటి నొక్కితే అదీ పడింది. ఆ ఆనందంలో బ్రేకులు లేవన్న సంగతి గాలికి కొట్టుకుపోయింది. అది గుర్తొచ్చేసరికి వీధి అయిపోయింది. ఎదురుగా ఒక వ్యాపారి షెడ్డు ముందు ట్రాక్టరు లోంచి పత్తి దింపి కుప్ప పోస్తున్నారు. ఆవిడ సైకిలుతో సహా ఆ కుప్పలోకి దూరిపోయింది.

పత్తి దింపుతున్న కొండమ్మ రెండు చేతులూ కుప్పలోకి పెట్టి ఆవిణ్ణి బయటికి లాగింది. జుట్టు నిండా, కనుబొమల మీదా దూది. "మా పిల్లకి లెక్కలు చెప్పే టీచరమ్మవి నువ్వేనా?" అని కొండమ్మ నోరు తెరిచింది. కనకలక్ష్మి సమాధానం చెప్పబోయి తుమ్మింది, తుమ్మి నవ్వింది, ఆ నవ్వు ఆగక కుప్ప మీదే చతికిలబడింది. ఆవిణ్ణి చూసి కూలీలంతా నవ్వారు. వెనకే పరిగెత్తుకొచ్చిన హయాత్ ముందు సైకిలుని తడిమి చూసి, తర్వాత టీచరుని, దెబ్బలేమైనా తగిలాయా అని అడిగాడు.

ఆ సాయంత్రం రామమూర్తి గారు చాలాసేపు మందలించారు. ఈ వయసులో ఇదేం సరదా అన్నారు. నలుగురూ ఏమనుకుంటారు అన్నారు. దువ్వెనతో ఆవిడ జుట్టులోంచి దూది తీస్తూనే అన్నారు.

బ్రేకులొచ్చాక ఆదివారం పొద్దున్నే ఆవిడ బ్రిడ్జి దగ్గరికి బయల్దేరింది. ఆయనకి పేరేచర్లలో సత్యనారాయణ వ్రతం ఉంది. ఎలాగూ దారే కదా అని స్కూటరు మీద వెనకాలే వచ్చారు గానీ, అసలు కారణం భయం.

ఎత్తు మొదలవగానే కనకలక్ష్మి వేలితో మీట నొక్కింది. చైను వెనక అన్నిటికంటే పెద్ద పళ్లచక్రం మీదికి ఎక్కింది. కాళ్లు తేలిగ్గా గిర్రున తిరిగాయి, వెనకనుంచి ఎవరో నడుం మీద చెయ్యేసి నెడుతున్నట్టు. దిగి నెట్టుకోమని లారీ డ్రైవరు చెప్పిన చోటు దాటింది. మోకాళ్లు కిమ్మనలేదు. పైకి చేరేసరికి అటు ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు, ఇటు పత్తి చేలు, కింద గూడ్సుబండి. ఘాటుకి కళ్లు చెమర్చాయో, ఆనందానికో ఆవిడకే తెలియదు. అవతలి వాలులో గాలి చెవుల్లో హోరెత్తింది. కింద ఆగకుండా చుట్టు తిరిగి మళ్లీ ఎక్కింది, మళ్లీ దిగింది, మళ్లీ ఎక్కింది.

బ్రిడ్జి మొదట్లో స్కూటరు ఆపుకుని చూస్తున్న రామమూర్తి గారు కాసేపటికి గొంతు సవరించుకున్నారు.

"కనకం, ఒక్కసారి నేను చూస్తానే."

"పంచె చైన్లో పడుతుందండీ."

ఆయన అప్పటికే పంచె పైకెగ్గట్టి బిగించారు. మీట ఎలా నొక్కాలో ఆవిడ చూపించింది. మొదట అటూ ఇటూ ఊగారు, తర్వాత సర్దుకున్నారు, పిలక ఎగురుతుండగా పైకెక్కేశారు. పైనుంచి పెద్ద కేక వినబడింది. మంత్రం మాత్రం కాదు.

ఇంతలో స్కూటరుకి తగిలించిన పూజ సంచీలో ఆయన ఫోను మోగింది. వ్రతం చేయించుకునే శ్రీకృష్ణ. పంతులుగారు బయల్దేరారా అని అడిగాడు. వెనక్కి తిరగకుండా, అవతల పేరేచర్ల వైపు వాలులోకి కనుమరుగవుతున్న భర్తని కనకలక్ష్మి చూసింది.

"బయల్దేరారండీ. చాలా వేగంగా వస్తున్నారు."

పూజ సంచీ స్కూటరుకే ఉండిపోయింది. ఆవిడ స్కూటరేసుకుని తరుముకుంటూ వెళ్లినా, శ్రీకృష్ణ వాకిట్లోనే ఆయన్ని అందుకోగలిగింది. ఆయన పంపు కింద మరోసారి స్నానం చేసి, పీట మీద కూర్చున్నారు. కథ ఎప్పటికంటే జోరుగా చెప్పారు. ప్రసాదాలు తిన్నాక, తిరిగి వెళ్లేటప్పుడు సైకిలు ఎవరు తొక్కాలని భార్యాభర్తలు వాకిట్లో వాదించుకుంటుంటే, చుట్టాలంతా వసారా నిండా చేరి చూశారు. టీచరే గెలిచింది.

మర్నాడు షాపు తెరవకముందే రామమూర్తి గారు వచ్చి హయాత్ కోసం గుమ్మంలో నిలబడ్డారు. ఎక్కడైనా పాత ఉక్కు ఫ్రేము కనబడితే చెప్పమని, కొంచెం పొడుగు మనిషికి సరిపోయేదైతే మంచిదని చెప్పి, ఎవరూ చూడకుండా స్కూటరెక్కి వెళ్లిపోయారు.