హుసేన్‌బీ మేడమ్ తెరవని ఫైలు

నిన్న మధ్యాహ్నం మా గదిలో కరెంటు పోయింది. మూలనున్న యూపీఎస్ కీచుమని కూసింది, ఆగింది, మళ్లీ కూసింది. నంద్యాల ఎండాకాలంలో అదేమీ కొత్త సంగతి కాదు. అయినా ఫ్యాన్ల చప్పుడు ఆగి ఆ కూత ఒక్కటే మిగిలేసరికి నా చెయ్యి దానంతటదే కాగితం కోసం వెతికింది. పని ఎక్కడిదాకా వచ్చిందో రాసుకోవాలి. నాతో పనిచేసే ఇద్దరూ సెల్‌ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. చేసిన పనిని మిషన్లే దాచిపెట్టే రోజులివి, రాసుకోవలసిన అవసరం లేదు. నేను మాత్రం రాశాను. రాస్తూ, ఆ కూత వెనకాల ఒక గొంతు వినిపిస్తుందేమోనని చెవి పెట్టాను. "యాడ ఆపినారో రాసుకోండప్పా. రేపొచ్చేది మీరే గావాలని ల్యాదు." ఆ గదిలో ఆ గొంతు వినిపించక ఆరేళ్లయింది.

హుసేన్‌బీ మేడమ్ మా విభాగానికి పెద్ద. మా విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసేవాళ్లకు కంప్యూటర్ల పనిలో, సేకరించిన సమాచారాన్ని భద్రపరిచే పనిలో సాయపడే విభాగం అది. విభాగమంటే నలుగురు మనుషులు, ఒక పొడవాటి గది, ఆ గది చివర ఎప్పుడూ చల్లగా ఉంచవలసిన అద్దాల అర, అందులో సర్వర్లు. వరి వంగడాల మీద పనిచేసేవాళ్లు, వెలుగోడు జలాశయంలో నీళ్లు కొలిచేవాళ్లు, అహోబిలం నుంచి తాళపత్రాల ఫోటోలు పట్టుకొచ్చే పండితుడు, అందరూ ఆ గదికే వచ్చేవారు. పెన్‌డ్రైవు చెడిపోయి మూడేళ్ల పని పోయిందని కొందరు కళ్లనీళ్లు పెట్టుకునేవారు. మేడమ్ ముందు కుర్చీ లాగి వేసేవారు. "కూచోప్పా. చూస్తాం ఉండు." దొరికితే దొరికిందనేవారు. దొరక్కపోతే, "పోయింది. ఇంక రాదు" అని చెప్పేవారు. మాట నాన్చేవారు కాదు. ఆ తర్వాత ఆ మనిషి లేచి వెళ్లేదాకా తన పని పక్కన పెట్టి ఎదురుగా కూర్చునేవారు.

పొట్టి మనిషి. ముతక నూలు చీరలు కట్టేవారు. అజాన్ వినిపించినప్పుడు కొంగు తల మీదికి లాక్కుని, ఆ కాసేపూ వేళ్లను కీబోర్డు మీద ఊరికే ఆనించి ఉంచేవారు. వాళ్ల నాయన నంద్యాలలో దూది ఏకి పరుపులు కుట్టేవాడు. మాది ఆళ్లగడ్డ. మా నాయన రాయి చెక్కే శిల్పి. మొదటిరోజు ఆ సంగతి చెప్పగానే మేడమ్ నవ్వి, "అయితే ఇద్దరం దుమ్ములో పుట్టినోళ్లమే పాపా" అన్నారు. అప్పటినుంచి నన్ను పద్మ అని పిలిచిందే లేదు.

చేరిన మొదటి నెలలో ఒకాయన తన మడుల్లోని మొక్కల ఎత్తుల పట్టిక తెచ్చి ఇచ్చాడు. అందులో అక్కడక్కడా ఖాళీలున్నాయి. ఖాళీలుంటే నేను రాసిన ప్రోగ్రాం నడవడం లేదు. మిగతా మొక్కల సగటు తీసి వాటిని నింపేశాను. పట్టిక నున్నగా, అందంగా తయారైంది. మేడమ్ దాన్ని పైనుంచి కిందికి చూసి ఒకచోట వేలు పెట్టారు.

"ఈడ ఖాళీ ఉండాల గదా. యాడికి పోయింది?"

"సగటు వేసి నింపాను మేడమ్."

"ఆయప్పను అడిగినావా?"

లేదన్నాను. మేడమ్ అక్కడికక్కడే ఆయనకు ఫోన్ చేసి, నాకూ వినపడేటట్టు పెట్టారు. అవతలి నుంచి ఆయన, "ఆ మడి అడవిపందులు తినిపోయినాయి మేడమ్, అందుకే రాయల్యా" అన్నాడు. ఫోన్ పెట్టేశాక గదిలో మిగతా ఇద్దరూ నవ్వారు. మేడమ్ నవ్వలేదు. "విన్నావా పాపా? పంది తినిపోయిన చెట్టుకు నువ్వు ఎత్తు రాసినావు. ఖాళీ కనపడితే నింపాలని గాదు, అడగాలని." ఆ రోజు సిగ్గుతో అన్నం సరిగా తినలేదు నేను. మేడమే తన టిఫిన్ డబ్బాలోంచి ఉగ్గాని తీసి నా డబ్బా మూతలో పెట్టి, వాళ్ల నాయన కథ ఒకటి చెప్పారు.

పాత పరుపు విప్పాలంటే ఆయన ఇంటామెను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకునేవాడట. జనం పరుపుల్లో ఏమేమో దాచుకుంటారు. ఒకసారి దూదిలోంచి మడతపెట్టిన ఉత్తరం ఒకటి బయటపడింది. ఆయన దాన్ని విప్పకుండా ఆమె చేతికిచ్చి మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"అందులో ఏముందో తెలుసుకోవాలని ఆయనకు అనిపించలేదా మేడమ్?"

"ఎందుకనిపీదు? సచ్చేదాకా దాని గురించి చెప్తానే ఉన్యాడు."

నేను చేరిన మూడో ఏడు సురేంద్ర అనే పరిశోధక విద్యార్థి వచ్చాడు. చాగలమర్రి వాడు. మాట తక్కువ, పని ఎక్కువ. ఆళ్లగడ్డ శిల్పుల ఊపిరితిత్తుల మీద రాతిదుమ్ము ఏం చేస్తుందో చూడడం అతని పని. ఒక డాక్టరును తోడు తీసుకుపోయి, శిల్పులందరి చేతా ఒక యంత్రం గొట్టంలోకి ఊదించి, ఎక్స్‌రేలు తీయించి, ఆ వివరాలన్నీ పట్టికగా తెచ్చాడు. పట్టికలో పేర్లు ఉండవు, నంబర్లే. ఏ నంబరు ఎవరిదో చెప్పే ఫైలు వేరే ఉంటుంది. దాన్ని మా సర్వర్‌లో తాళం వేసి ఉంచాం. ఆ తాళం, అంటే పాస్‌వర్డు, సురేంద్ర దగ్గరా మేడమ్ దగ్గరా తప్ప ఎవరి దగ్గరా లేదు.

పట్టిక సరిచూసే పని నాకు వచ్చింది. సగం దాకా వచ్చాక ఒక వరుస దగ్గర ఆగిపోయాను. వయసు యాభై నాలుగు. పన్నెండో ఏట ఉలి పట్టాడు. ఎడమచేతి వాటం. మధ్యలో రెండేళ్లు పని మానేశాడు. మా నాయన ఎడమచేతి మనిషి. అమ్మకు జబ్బు చేసినప్పుడు రెండేళ్లు ఉలి పక్కన పెట్టి నంద్యాలలో వాచ్‌మన్‌గా చేశాడు. ఆ వరుస చివర ఊపిరి లెక్క చాలా తక్కువగా ఉంది. ఎక్స్‌రే గడిలో డాక్టరు రాసిన మాటకు అర్థం నాకు తెలుసు.

మేడమ్ దగ్గరికి వెళ్లి చెప్పాను.

"పేర్లు ల్యావు గదా పాపా, నీకెట్ల తెల్సు?"

"ఎడమచెయ్యి మేడమ్. వయసు అదే. మానేసిన రెండేళ్లూ అవే. ఇంకెవరుంటారు? ఒక్కసారి పేర్ల ఫైలు తెరవండి. ఒక్క పేరు చూసి మూసేద్దాం."

ఆమె కుర్చీ నా వైపు తిప్పుకున్నారు. తర్వాత, "తెరవను" అన్నారు.

"అదే మీ నాయనైతే?"

అంత మాట అన్నందుకు ఇప్పటికీ నాకు బాధగా ఉంటుంది. మేడమ్ కోప్పడలేదు. "మా నాయనైతే తెరుస్తానేమో. ఆ భయంతోనే ఇది ఎప్పుడూ తెరవను" అన్నారు. "నువ్వు అడగాల్సింది ఇది గాదు పాపా. ఆ గొట్టంలో ఊదినోళ్లకు ఏమొచ్చిందో చెప్పినారా ల్యాదా? అది అడుగు."

నాయనకు ఫోన్ చేశాను. "ఊదమన్యారు, ఊదినాం. ఏమీ చెప్పల్యా" అన్నాడు. ఆ మాట చెబుతూనే రెండుసార్లు దగ్గాడు.

మేడమ్ సురేంద్రను పిలిపించారు. అతను తల వంచుకుని నిలబడ్డాడు. "థీసిస్ అయినాక అందరినీ కూచోబెట్టి చెప్దామనుకున్యా మేడమ్. ఇప్పుడే చెప్తే భయపడతారు. రెండోసారి పరీక్షకు ఎవురూ రారు."

"రాకపోతే రారు."

"నా పని ఏడాది ఎనక్కి పోతాది."

"పోతాది సురేంద్రా. పోదని నేను చెప్పడంల్యా. అంతవరకూ వాళ్లు ఆ దుమ్ములోనే కూచోవాల్నా?"

వాళ్లకు చెప్పేదాకా ఆ పట్టిక మీద మా విభాగం చెయ్యి పెట్టదని కూడా చెప్పారు. అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నాకు అప్పుడు అతని మీద జాలి కలగలేదు. చివరికి ఆదివారం డాక్టరుతో ఆళ్లగడ్డ వచ్చి అందరికీ చెబుతానని అతను ఒప్పుకున్నాడు. ఆ ఆదివారం దాకా నాలుగు రోజులు ఎట్లా గడిపానో నాకే తెలియదు. ఆస్పత్రికి పోదాం రమ్మని నాయనకు మళ్లీ మళ్లీ ఫోన్ చేశాను. "ఆదివారం డాక్టరు ఈడికే వస్తాడంట గదా. నీకేందీ అంత తొందర?" అన్నాడు.

ఆదివారం పొద్దున మేడమూ నేనూ బస్సెక్కి ఆళ్లగడ్డ వెళ్లాం. ఒక బడిలో గది అడిగి తీసుకున్నాడు సురేంద్ర. లోపల డాక్టరు, అతను. ఒక్కొక్కరే లోపలికి పోవాలి, తలుపు వేసి ఉంటుంది. లోపల మాట్లాడుకునేది మా చెవిన పడకుండా మేడమ్ మా బల్లను వరండా చివరికి జరిపించారు. వచ్చినవాళ్లను కూర్చోబెట్టడం, నీళ్లివ్వడం, అంతవరకే మా పని.

నాయన లోపలికి వెళ్లి పది నిమిషాల్లో బయటికొచ్చాడు. "బాగానే ఉండాదంట. మూతికి గుడ్డ కట్టుకొని, రాయి తడిపి పని చేయమన్యాడు" అన్నాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చేశాను. ఎందుకేడుస్తున్నానో ఆయనకు అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పే హక్కు నాకు లేదు.

ఆ తర్వాత ఇంకొందరు వెళ్లివచ్చారు. ఓబులేసు మామ బయటికొచ్చాడు. ఆయన ఇల్లూ మా ఇల్లూ ఒకే గోడ. నాయనా ఆయనా ఒకే వయసు వాళ్లు, ఒకే ఏడు ఒకే గురువు దగ్గర ఉలి పట్టినవాళ్లు. చేతిలో కాగితంతో మామ వచ్చి మేడమ్ పక్కన బల్ల మీద కూర్చున్నాడు. మేడమ్ ఏమీ అడగలేదు. నీళ్ల గ్లాసు అందించి ఊరికే పక్కన కూర్చున్నారు. సగం నీళ్లు తాగి ఆయనే నోరు విప్పాడు.

"ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము పేరుకొనిందంటమ్మా. ఇంక రాయి కొట్టొద్దన్యాడు."

అప్పుడు చూశాను. గ్లాసు ఆయన ఎడమచేతిలో ఉంది. నా చిన్నతనంలో బండ పడి ఆయన కుడిచెయ్యి నలిగిపోయింది. రెండేళ్లు ఇంట్లోనే ఉండి, ఎడమచేత్తో చెక్కడం నేర్చుకున్నాడు. ఇదంతా నాకు తెలుసు. ఆ పట్టిక ముందు కూర్చున్నప్పుడు మాత్రం ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు.

తిరుగు బస్సు శిరివెళ్ల దాటింది. అప్పుడు నేను అన్నాను. "నాయన కాదని సంతోషపడ్డాను మేడమ్. మామ అని తెలిశాక కూడా ఆ సంతోషం పోవడంల్యా."

"కూతురివి. పోదు."

"ఆ రోజు మీరు ఫైలు తెరిచి ఉంటే, నాయన పేరు లేదని చూసి మూసేసేదాన్ని."

మేడమ్ కిటికీలోంచి బయటికి చూస్తూ, "మూసేసేదానివే. నేనూ మూసేసేదాన్ని పాపా" అన్నారు.

అనుకున్నట్టే రెండోసారి పరీక్షకు చాలామంది రాలేదు. సురేంద్రకు ఒక ఏడాది పోయింది. చాలాకాలం మాతో ముభావంగా ఉన్నాడు. పట్టా వచ్చిన రోజు మాత్రం మిఠాయి డబ్బా తెచ్చి మొదట మేడమ్ ముందే పెట్టాడు. ఓబులేసు మామ రాయి కొట్టడం మానేశాడు. ఇప్పుడు ఇంటి అరుగు మీదే కూర్చుని, వేరేవాళ్లు చెక్కబోయే విగ్రహాలకు కాగితం మీద కొలతలతో బొమ్మ గీసి ఇస్తాడు. నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తుంది. కానీ మనిషి ఉన్నాడు.

మేడమ్ పదవీ విరమణ చేసి వెలుగోడులో తమ్ముడి ఇంటికి వెళ్లిపోయారు. ఆ కుర్చీ నాకిచ్చారు. వారానికోసారి ఫోన్ చేసి, "ఈ వారం ఎవురెవురొచ్చినారు పాపా?" అని అడిగేవారు. నేను చెబుతుంటే ఊ కొడుతూ వినేవారు. ఎప్పుడైనా నేను తప్పు చేశానని అనిపిస్తే ఆ ఊ కొట్టడం ఆగిపోయేది. ఆ నిశ్శబ్దం కోసం ఇప్పుడు ఎంత మొహం వాచి ఉన్నానో చెప్పలేను. మామ ఆమెను చూడాలంటున్నాడని చెబితే, "వస్తాలే, ఎండలు తగ్గనీ" అన్నారు. ఎండలు తగ్గాయి. సర్వర్లు మార్చే పని ఉందని ఆ నెలంతా ఆమెను తీసుకెళ్లడానికి నేనే తీరిక చేసుకోలేదు. పోయిన వానాకాలం ఒక పొద్దున వాళ్ల తమ్ముడు ఫోన్ చేశాడు. నేను వెలుగోడు చేరేసరికి అంతా అయిపోయింది.

మామకు ఆ సంగతి చెప్పలేకపోయాను. ఆళ్లగడ్డ వెళ్లినప్పుడల్లా ఆయన, "ఆయమ్మను పిల్చకరాల్యా?" అని అడిగేవాడు. "వచ్చేసారి పిల్చకొస్తా మామా" అనేదాన్ని. ఎదురుగా కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పడం ఆమె దగ్గరే నేర్చుకున్నదాన్ని, ఆమె విషయంలోనే అబద్ధం ఆడుతూ వచ్చాను. ఈ ఎండాకాలం మొదట్లో ఇంక ఓర్చుకోలేక, అరుగు మీద ఆయన పక్కన కూర్చుని చెప్పేశాను. "మామా, మేడమ్ పోయింది. పోయిన వానల్లోనే పోయింది. నీకు చెప్పడానికి నాకు నోరు రాల్యా."

మామ గీస్తున్న కాగితం మీదనుంచి చెయ్యి తీశాడు. "తెల్సులే పాపా. మీ నాయన అప్పుడే చెప్పినాడు."

"మరి ప్రతిసారీ ఎందుకడుగుతాండావ్ మామా?"

"అడిగితే ఆయమ్మ మాట వస్తాది గదా."

అప్పటినుంచి ఆళ్లగడ్డ వెళ్లినప్పుడల్లా ఆ అరుగు మీద కూర్చుని, మా గదికి ఎవరెవరు వచ్చారో, ఏం అడిగారో, నేనేం చెప్పానో మామకు చెబుతున్నాను. సగం ఆయనకు అర్థం కాదు. అంతా విని, "ఆయమ్మైతే ఏమనేది?" అని అడుగుతాడు. తెలిసినంతవరకు చెబుతాను. తెలియనప్పుడు తెలియదంటాను. మామ ఎడమచేత్తో మళ్లీ బొమ్మ గీయడం మొదలుపెడతాడు.