తప్పు చేతిదా, యోక్‌దా?

2024 ఆగస్టు. నంద్యాల బస్టాండు వెనక సందులో నా రిపేరు షాపు. ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదివి ఇరవై రెండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. స్టెబిలైజర్లు, ఇన్వర్టర్ బోర్డులు, చర్చిలో పాట మధ్యలో గుర్రుమనే యాంప్లిఫయర్లు, ఈ మధ్య పిల్లల గేమ్ కంట్రోలర్లు కూడా వస్తున్నాయి. మొదట్లో కౌంటర్ దగ్గర నన్ను చూసి "మీ ఆయన లేడామ్మా?" అనేవాళ్లు. ఆయన బడిలో సోషల్ చెబుతాడు, ఇంట్లో ఫ్యూజు పోతే నన్నే పిలుస్తాడు, కావాలంటే రమ్మంటాను అంటే ఊరుకునేవాళ్లు. నా పేరు ఎస్తేరు. నాకు కోపం ఎక్కువ, నా మీటర్ మీద నమ్మకం ఇంకా ఎక్కువ. ఆ ఏడు ఆ రెండింటికీ ఒకేసారి దెబ్బ తగిలింది.

ఒక మంగళవారం పొద్దున ఇరవై ఏళ్ల అమ్మాయి ఒకతె పెద్ద సంచీతో వచ్చింది. పేరు ఈశ్వరి, ఊరు ఆళ్లగడ్డ. నాన్న రాతి విగ్రహాలు చెక్కే శిల్పి. ఆ అమ్మాయేమో వేరే రాష్ట్రంలో పైలట్ కోర్సు చదువుతోంది. వానలకు శిక్షణ ఆపేస్తే ఇంటికి వచ్చింది. తువ్వాలు విప్పి కౌంటర్ మీద పెట్టిన వస్తువు యోక్.

యోక్ అంటే విమానంలో పైలట్ ముందుండే చక్రం, పై సగం కోసేసిన స్టీరింగ్‌లా ఉంటుంది. పక్కకు తిప్పితే విమానం ఆ వైపు వాలుతుంది. ముందుకు తోస్తే ముక్కు దిగుతుంది, వెనక్కి లాగితే లేస్తుంది. ఇంట్లో సాధన చేసుకునేవాళ్ల కోసం బల్లకు బిగించి కంప్యూటర్‌కు తగిలించుకునే యోక్‌లు దొరుకుతాయి. లోపల ఒక ఉక్కు షాఫ్టు, అంటే కడ్డీ, నైలాన్ బుష్‌లలో జారుతుంటుంది. బుష్ అంటే కడ్డీ దూరేంత రంధ్రమున్న ప్లాస్టిక్ ఉంగరం. కడ్డీ ఎంత కదిలిందో పొటెన్షియోమీటర్ కొలిచి కంప్యూటర్‌కు చెబుతుంది. పాత రేడియోలో సౌండు పెంచే గుండీ వెనక ఉండేది కూడా అదే.

"ఏం మా, పని చేయల్యాదా?" అని అడిగాను.

"పని చేస్తాందక్కా. తప్పు దీంట్లో ఉండాదా, నా చేతిలో ఉండాదా, అది చెప్పు సాలు."

"చేతికైతే డాక్టరు కాడికి పో. నేను మిషన్లే చూస్తా" అన్నాను. ఆ అమ్మాయి నవ్వలేదు.

సంగతి ఇది. కొన్ని నెలలుగా విమానంలో ఆమె చెయ్యి కుదురుగా ఉండటం లేదు. ముక్కు రవ్వంత లేపాల్సిన చోట బాగా లేపేస్తోంది, సరిదిద్దబోతే బాగా దించేస్తోంది. ఇంట్లో ఈ యోక్ మీద సాధన చేసినా అదే తంతు. "నువ్వు విమానాన్ని నడపడం లేదు, పొడుస్తున్నావు" అన్నాడట నేర్పే ఆయన. వానలు తగ్గి తిరిగి వెళ్లాక ఒక పరీక్ష పెడతారు. చెయ్యి మెత్తబడితేనే ఒంటరిగా ఎగరనిస్తారు, లేకపోతే కోర్సు గురించి ఆలోచించుకో అన్నారు.

"దీంట్లో తప్పు ల్యాకపోతే నాకు రాదనే గదా. ఇంగ నేను పోనక్కా. నాయనకు చెప్పేస్తా" అంది.

ఇంత మాట విని కూడా నేను పది నిమిషాల్లో తేల్చేశాను. యోక్‌ను కంప్యూటర్‌కు తగిలించి, ఈ చివర నుంచి ఆ చివర దాకా నాలుగుసార్లు తోశాను, లాగాను. తెరమీద దాని కదలికను చూపే గీత చక్కగా వచ్చింది. పొటెన్షియోమీటర్ మీటర్‌లో సరిగ్గానే ఉంది. స్ప్రింగులు గట్టిగా ఉన్నాయి. వెనక అయిదు స్టెబిలైజర్లు నా కోసం కాచుకుని ఉన్నాయి.

"దీనికేం రోగం ల్యాదు. చెయ్యి కుదురు చేసుకో" అన్నాను.

ఆ అమ్మాయి "సరేక్కా" అని మళ్లీ తువ్వాలు చుట్టుకుని వెళ్లిపోయింది. నేను స్టెబిలైజర్ మూత విప్పుకున్నాను.

శుక్రవారం ఫోన్ వచ్చింది. "నేను వీరాచారి మా, ఆళ్లగడ్డ. ఈశ్వరి నాయన్ని. నీ కాడ్నించి వచ్చినప్పట్నుంచి పాప సరిగ్గా తిండి తినల్యా. చదువుకు పోనంటాంది."

"నేనున్నదే చెప్పినానప్పా" అన్నాను.

"నువ్వు తప్పు చెప్పినావనల్యా మా. కానీ ఆ చెయ్యి నాకు తెలుసు. పదేండ్లప్పుడే అమ్మవారి కనురెప్ప చెక్కింది. అది పొడిచే చెయ్యి కాదు. ఒక్క తూరి వచ్చి చూసిపో."

కాకిపిల్ల కాకికి ముద్దు అని మనసులో అనుకున్నాను. నా మీటర్ ముందు ఈయన మురిపెం ఎంత అని కోపం కూడా వచ్చింది. అయినా ఆ రోజంతా పని మీద మనసు నిలవలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక మీటరు, స్క్రూడ్రైవర్లు సంచీలో వేసుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాను. అబద్ధమెందుకు, ఆ పిల్లను ఓదార్చాలని కాదు, నేను చెప్పిందే నిజమని నిరూపించి రావాలనే వెళ్లాను.

వాళ్ల ఇంట్లో ముందు సగమంతా పని చేసుకునే షెడ్డు. సగం చెక్కిన నంది ఒకటి, నునుపు పెట్టిన అమ్మవారి విగ్రహాలు రెండు. రాతిపొడి క్యాలెండర్ మీద, కిటికీ చువ్వల మీద, ఆరేసిన బట్టల మీద కూడా ఉంది. షెడ్డును ఆనుకున్న గదిలో కంప్యూటర్, బల్లకు బిగించిన యోక్. నేనడిగితే ఈశ్వరి కూర్చుని విమానం నడిపింది. తెరమీద ముక్కు లేస్తుంది, పడుతుంది, మళ్లీ లేస్తుంది. చెప్పాను కదా, చెయ్యే అనుకున్నాను.

వీరాచారి గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నాడు. యాభై దాటిన మనిషి, సన్నగా, కనుబొమల్లో కూడా రాతిపొడి. కూతురి వస్తువని ఆయన ఇంతవరకు దాన్ని పట్టుకుని నడిపి చూడలేదట.

"పాపా, నేనొక తూరి పట్టుకోవచ్చునా?" అని అడిగాడు.

ఈశ్వరి లేచింది. ఆయన కూర్చుని, చేతులు పంచెకు తుడుచుకుని, కళ్లు మూసుకున్నాడు. యోక్‌ను రెండు వేళ్లతో పట్టుకుని చాలాసేపు కదలకుండా ఉన్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నాను.

"ఈడ పట్టుకుంటాంది" అన్నాడు.

"యాడ?"

"నడిమధ్యన. రోంత తోస్తే కదల్దు. ఇంగ రోంత బలం పెడితే దుంకుతాంది."

నేను వెళ్లి యోక్‌ను చివరి దాకా తోశాను. సాఫీగా పోయింది. "యాడుందప్పా?" అన్నాను.

"ఎద్దును తోలినట్ల తోస్తాండావ్ మా. నునుపు అట్ల తెలీదు. విగ్రహం చెంప మీద అరచెయ్యి పెట్టి రుద్దితే అంతా నున్నగే ఉంటాది. వేలికొనతో నిదానంగా పోతేనే గరుకు దొరుకుతాది. కండ్లు మూసుకో. ఎంటికంత కదిలించు."

కళ్లు మూసుకున్నాను. వెంట్రుకవాసి తోశాను. కదల్లేదు. ఇంకొంచెం తోశాను. కదల్లేదు. ఇంకొంచెం. టక్కున ముందుకు పడింది. కళ్లు తెరిచేశాను.

మా పనిలో దీన్ని స్టిక్షన్ అంటారు. ఆగి ఉన్నదాన్ని కదిలించడానికి ఎక్కువ బలం కావాలి, ఒకసారి కదిలాక తక్కువ చాలు. ఈ తేడా పెరిగితే చేతికి పట్టు చిక్కదు. పెద్దగా తోసేవాళ్లకు ఇది తెలియదు, ఎందుకంటే వాళ్లు ఆ మొదటి పట్టును ఒక్క ఊపులో దాటేస్తారు. నేను పరీక్షించింది అలాగే. పైలట్ పనంతా నడిమధ్య, గోరంత జాగాలోనే జరుగుతుంది. తెరమీద గీతను పెద్దది చేసి మళ్లీ నెమ్మదిగా కదిలించి చూశాను. గీత కాదది, మెట్లు.

స్క్రూలు విప్పాను. షాఫ్టు చుట్టూ, బుష్ లోపలా నల్లటి ముద్ద గడ్డకట్టి ఉంది. వాసన చూస్తే కొబ్బరినూనె.

"దీనికి నూనె పెట్టిందెవురు?" అన్నాను. నా గొంతు ఎప్పటిలాగే పెద్దదిగా వచ్చింది.

గుమ్మం దగ్గరికి వచ్చిన ఈశ్వరి వాళ్లమ్మ మొగుడి వైపు చూసింది.

"నేనే మా" అన్నాడు వీరాచారి. "శుక్రవారం శుక్రవారం విగ్రహాలకు నూనె గుడ్డ పెడతాం, నలుపు తేలాలని. పాప ఊర్లో ల్యాకున్నా దాని వస్తువు మెరుస్తాండాలని, బయటికి కనబడే కడ్డీకి రోంత పూసేవాణ్ని. నా బిడ్డ చెయ్యి నేనే చెడగొట్నానా?"

రాతికి నూనె మేలు. ఈ షాఫ్టుకు అదే శత్రువు. నూనె రాతిపొడిని పట్టి ఉంచుతుంది, ఎండితే జిగురవుతుంది. ఆ పొడి బుష్‌ను అరగదీస్తుంది. ఇదంతా నేను చెబుతుంటే ఈశ్వరి వినడం లేదు, వేళ్లు మడిచి ఏదో లెక్కేసుకుంటోంది.

"ఉగాది దాకా సారు నన్ను మెచ్చుకునేటోడు" అంది. "ఉగాదికి వచ్చి రెండు వారాలు దీని మీద కూర్చుంటి. పోయినంక తిట్లు మొదలైనాయి. జూన్‌లో వచ్చి ఇంకా ఎక్కువ చేస్తి. పోయినంక ఇంకా చెడిపాయ." ఆ పట్టును దాటడానికి ఆమె చెయ్యి పొడవడం నేర్చుకుంది. పట్టులేని అసలు విమానంలో కూడా అలాగే పొడిచింది. ఎంత సాధన చేస్తే అంత చెడిపోయింది.

ఆ అమ్మాయి నేల మీద కూలబడి ఏడుస్తూ నవ్వింది. "నాకు వస్తాదక్కా అయితే. నాకు వస్తాది" అంది. నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎంత హాయిగా అనిపించిందో, అంత సిగ్గు వేసింది. "తప్పు నాది మా. చెడిపోయినదాన్ని బాగుందంటిని" అన్నాను. ఆమె నాన్న భుజం మీద తలపెట్టి, "చెడగొట్టింది నువ్వే, కనుక్కున్నదీ నువ్వే. సరికి సరి పాయలే నాయనా" అంది.

బుష్‌లో గీతలు పడ్డాయి కాబట్టి నంద్యాల లేత్ షాపులో నైలాన్ కడ్డీతో కొత్తది చేయించాను. మిగతా ముద్దంతా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. ఇది త్వరగా ఆరిపోయే స్పిరిటు, ఏ జిడ్డూ మిగల్చదు. షాఫ్టు మీది సన్నగీతలు నాకు లొంగలేదు. "అది నాకిడిచిపెట్టు" అని వీరాచారి విగ్రహాల చెంపలకు వాడే నీటికాగితంతో, అంటే తడిపి రుద్దే సన్న గరుకు కాగితంతో, ఒక మధ్యాహ్నమంతా దాన్ని రుద్దాడు. పనయ్యాక అలవాటు కొద్దీ ఆయన చెయ్యి నూనె డబ్బా వైపు పోతుంటే, వాళ్లావిడ డబ్బాను తీసుకుపోయి వంటింట్లో పెట్టింది.

నైలాన్‌కు ఏ నూనె పడితే ఆ నూనె పనికిరాదు. సిలికాన్ గ్రీజు పెసరగింజంత తీసుకుని, షాఫ్టంతా పలచగా రాసి, కంటికి కనబడనంత మాత్రమే మిగిలేలా తుడిచాను. వాడనప్పుడు గుడ్డ కప్పాలి, వారానికోసారి పొడిగుడ్డతో తుడవాలి, కొన్ని నెలలకోసారి విప్పి పాత గ్రీజు తీసి కొత్తది పెట్టాలి. ఈ మూడూ చాలు. అంతా బిగించాక తెరమీద మెట్లు పోయి గీత వచ్చింది. అయినా నేను పక్కకు జరిగి, "నువ్వు చూడప్పా" అన్నాను.

ఆయన కళ్లు మూసుకుని రెండు వేళ్లు ఆనించాడు. "ఆఁ, ఇప్పుడు పోతాంది" అన్నాడు.

చేతికి పట్టిన అలవాటు వెంటనే వదల్లేదు. మూడు రోజులు ఈశ్వరి పొడుస్తూనే ఉంది. రోజూ సాయంత్రం ఫోన్ చేసి చెప్పేది. నాలుగో రోజు ముక్కు కాస్త నిలబడిందంది. పదో రోజుకు కిందికీ పైకీ ఊగడం మానిందంది. ఆ తర్వాత బట్టలు సర్దుకుని వెళ్లింది.

సెప్టెంబరు చివర్లో ఒక మధ్యాహ్నం ఫోన్. "అక్కా, ఇంతకుముందు సారు తన చేతులు యోక్ కాడనే పెట్టుకునేటోడు, నేనేం చేస్తానో అని. ఈ పొద్దు చేతులు కట్టుకుని కిటికీలో నుంచి బయటికి చూస్తా కూర్చునె. మూడు తూర్లు దింపినంక, తను దిగిపోయి, నువ్వే పో అనె. ఒక్కదాన్నే పోయి వచ్చినాక్కా."

నేను స్టూలు మీద కూర్చుండిపోయాను. మిక్సీ తెచ్చిన ఒకామె కంగారుపడి "ఏమైందమ్మా?" అని అడిగింది. "ఏం ల్యాదు, మా పిల్ల దిగింది" అన్నాను. ఆమెకేం అర్థమైందో నాకు తెలియదు.

ఈ కేసు నాకు నేర్పింది ఒకటే. వస్తువును నా చేత్తో పరీక్షించి బాగుంది అనకూడదు, దాన్ని వాడేవాళ్లు ఎలా వాడతారో అలా పరీక్షించాలి. ఆ పిల్ల అడిగింది యంత్రం సంగతి, నేను చెప్పింది ఆమె మీద తీర్పు. ఇప్పుడెవరు ఏది తెచ్చినా, దీంతో మీరేం చేస్తారు, ఒకసారి చేసి చూపించండి అంటాను. పనికి ఆలస్యమవుతోందని విసుక్కునేవాళ్లు ఉన్నారు, విసుక్కోనీ. ఇరవై రెండేళ్లలో నా మాట నమ్మని కస్టమర్లు చాలామంది వచ్చారు. అందరితోనూ గొడవ పడ్డాను. నమ్మనందుకు నేను దండం పెట్టింది మాత్రం వీరాచారి ఒక్కడికే.