నేలకి ఆనని చెయ్యి

డెబ్బై ఏళ్లొచ్చినా కామేశంగారు చెయ్యి నేలకి ఆనించకుండా పీట మీంచి లేస్తారు. కొడుకు ఫణి వాలీబాల్ ఆడుతూ మోకాలి లిగమెంటు తెంపుకుని, రాజమండ్రిలో ఆపరేషన్ చేయించుకొచ్చిన దగ్గర్నుంచి ఆయన వాడితో మాట్లాడడం మానేశారు. పొద్దున్నే వసారాలో వాడు కాలికి ఇసుక సంచి కట్టుకుని పైకెత్తుతుంటే, ఆయన అటు తిరిగి సంధ్య వార్చుకుంటారు. వాడి కాలు కిందికి దిగేదాకా మంత్రం మాత్రం ముందుకి సాగదు.

కామేశంగారి తరవాత ఊరి గుడి అర్చకత్వం ఫణికివ్వడానికి ధర్మకర్త భీమరాజుగారు సందేహిస్తున్నారు. "గంటల తరబడి బాసింపట్టు వేసుక్కూర్చోగలడాండి?" అన్నారు. అది చూడ్డానికే ఆవేళ సంతర్పణలో ఎదురుగా కుర్చీ వేయించుకున్నారు. ఫణి కూర్చోవడమైతే కూర్చున్నాడు. పెరుగన్నం దగ్గరికొచ్చేసరికి మోకాలు బిగుసుకుపోయి నుదుట చెమటలు పట్టాయి. పెద్దాయన లేస్తే పంక్తంతా లేవాలి. కామేశంగారి విస్తరి ఖాళీ అయి చాలాసేపయింది, అందరి చేతులూ ఎండిపోతున్నాయి.

ఆయన కొడుకు వైపు ఒక్కసారి చూశారు. ఎడమచెయ్యి నేలకి ఆనించి, మూలుగుతూ సగం లేచి ఆగిపోయారు.

"మోకాళ్లు పట్టేశాయండి, రాజుగారూ."

భీమరాజుగారు కుర్చీలోంచి గబగబా లేచి వచ్చారు. పంక్తంతా కామేశంగారి వైపే తిరిగింది. వెనకాల ఫణి గోడ పట్టుకుని లేవడం ఎవరూ చూడలేదు.