పసుపు టిక్కు పెట్టిన ప్రెషర్ వాషర్

మా ప్లాంటులో పసుపు టిక్కు పడిన యంత్రాన్ని మళ్ళీ ఎవరూ విప్పరు. కొత్త పంపు వచ్చినా, మరమ్మతు చేయించి తెచ్చినా, ముందు తనిఖీ వాళ్ళు విప్పి చూస్తారు. అన్నీ సరిగ్గా ఉంటే పసుపు మార్కర్‌తో దాని ఒంటి మీద టిక్కు పెడతారు. ఆ తర్వాత బిగించి నడపడం మా మెయింటెనెన్స్ వాళ్ళ పని. టిక్కు పడిన దాని మీద స్పానర్ పెట్టడమంటే, ఆ టిక్కు పెట్టినవాణ్ని ముఖం మీదే అబద్ధాలకోరు అన్నట్టు. గుజరాత్‌లో సూరత్ పక్కనున్న ఈ హజీరాలో పదిహేనేళ్ళు పనిచేశాను గానీ ఆ పని చేసినవాణ్ని చూడలేదు.

ఆ టిక్కులు పెట్టేవాళ్ళలో ఒకతను నా స్నేహితుడు. మాది జగిత్యాల వైపు, అతనిది మా పక్క మండలమే. నాకంటే ఆరేళ్ళు చిన్న. నన్ను అన్నా అంటాడు, నేను తమ్మీ అంటాను. కంపెనీ బస్సులో పన్నెండేళ్ళు ఒకే సీటులో కూర్చుని తిరిగాం. కిటికీ పక్క చోటు పోయేటప్పుడు నాది, వచ్చేటప్పుడు అతనిది. బాయిలర్‌కు నీళ్ళు తోసే పంపుల పక్కన నిలబడి, గుండె దడ లేకుండా రీడింగులు రాసుకున్నానంటే అది అతని టిక్కు మీద భరోసాతోనే. ఆ పంపు పగిలితే ముందు పోయేది పక్కన నిలబడ్డవాడే.

కరోనా వచ్చిన మొదటి ఏడు బస్సులో సీట్లు సగానికి తగ్గించి, కార్లున్నవాళ్ళను కార్లలోనే రమ్మన్నారు. నా భార్యకు ఉబ్బసం. డ్యూటీ నుంచి రాగానే ఆమె రెండో అంతస్తు బాల్కనీలో నిలబడేది. కారు కడిగితే గానీ నన్ను పైకి రానిచ్చేది కాదు. వైరస్ బానెట్ మీద కూర్చుని ఇంటిదాకా వస్తుందని మేమిద్దరం మనస్ఫూర్తిగా నమ్మాం. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది, అప్పుడు రాలేదు. రాత్రి ఆమె ఊపిరి పిల్లికూతలు పెడుతుంటే పక్కన పడుకుని వినేవాడికి నవ్వెట్లా వస్తుంది?

కార్లు కడిగేవాళ్ళను సొసైటీ గేటు దగ్గరే ఆపేశారు. దాంతో బకెట్టు, మగ్గు, పాత బనీను పట్టుకుని నేనే దిగాను. పది రోజులకే నడుం పట్టేసింది. నీళ్ళు జోరుగా చిమ్మి కడిగే ప్రెషర్ వాషర్ కొందామనుకున్నాను.

పంపుల మధ్య బతికినవాణ్ని, పంపు ఎంచుకోవడం నాకొకరు చెప్పాలా? పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాసే గరిష్ఠ పీడనం మాట వదిలేశాను. అది కాసేపు చూపించే గొప్ప. నడుస్తున్నప్పుడు ఎంత నిలుస్తుందో అది చూశాను. మా పార్కింగులో కుళాయి లేదు కాబట్టి బకెట్టులోంచి నీళ్ళు లాగగలగాలి. పంపు తల ఇత్తడిదై ఉండాలి, ప్లాస్టిక్‌ది కాకూడదు. మోటారు గోల పెట్టకుండా అరగంట నడవాలి. నాలుగు రాత్రులు ఫోన్‌లో వెతికి ఒకటి ఖాయం చేసుకున్నాను. ఎర్రటిది, బరువైనది, ఇత్తడి తలది.

క్యాంటీన్‌లో దూరం దూరంగా కూర్చుని తింటూ ఆ మాట అతనికి చెప్పాను. అతను చెయ్యి అడ్డంగా ఊపాడు.

"గంత బరువుది నీకెందుకన్నా? మెట్ల మీద ఎవడు మోస్తడు? మా ఇంట్ల చిన్న మిషిని ఉన్నది, నీలంది. రెండు నెలల సంది నడుస్తున్నది, ఒక్క చుక్క కార్లే. వదినెకు దమ్ముంది, నువ్వు జల్ది కడుక్కొని పైకి పోవాలె. కండ్లు మూస్కొని గదే తీస్కో."

"దాని పంపు తల ప్లాస్టిక్ గద తమ్మీ?"

"నేను చూసిన అన్నా. నా మాట మీద నమ్మకం లేదా ఏంది?"

ఆ మాట అన్నాక నేనింకేం అడుగుతాను? షాపులు రోజు విడిచి రోజు తెరుస్తున్న కాలం అది. సూరత్‌లో ఉధనా దర్వాజా దగ్గర తనకు తెలిసిన షాపుకు అతనే తీసుకుపోయాడు. షాపాయన నీలం మిషను పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. నేను సీలు కోయబోతుంటే, మావాడు జేబులోంచి పసుపు మార్కర్ తీసి పెట్టె మీద ఇంత టిక్కు గీశాడు. ఇద్దరం మాస్కుల్లోనే పగలబడి నవ్వుకున్నాం. పెట్టె విప్పకుండానే ఇంటికి తెచ్చాను.

మర్నాటి నుంచి పదిహేను రోజులు మా బ్యాచ్‌ను ప్లాంటులోనే ఉంచేశారు. తిండి, నిద్ర అన్నీ లోపలే. నేను లోపలికి పోతున్నానని అతనికి తెలుసు. నా భార్య ఫోన్‌లో అడిగింది.

"పెట్టె తెరిచి ఒక్కసారి నడిపి చూస్త, ఏమంటవు?"

"టిక్కు పడ్డంక తెరుచుడేంది? నేనొచ్చినంక చూద్దాం" అన్నాను, పెద్ద మొనగాడిలా.

వచ్చాక రెండు రోజులు బాగానే కడిగింది. మూడో రోజు గన్ను దగ్గర ధార సన్నబడింది, కింద నీళ్ళు కారాయి, మోటారు కమురు వాసన వేసింది. విప్పి చూస్తే ప్లాస్టిక్ తల నిలువునా చీలి ఉంది. షాపుకు మోసుకుపోతే ఆయన పెట్టె వైపు కూడా చూడలేదు. "సాత్ దిన్ మే లానా థా, సాహెబ్." వారంలోగా తేవాల్సిందట. నేను ప్లాంటులో ఉన్నప్పుడే ఆ వారం అయిపోయింది.

అప్పుడు కూడా అతని మీద నాకు అనుమానం రాలేదు. తప్పు నాదేననుకున్నాను. బకెట్టులో నీళ్ళు అయిపోయినా చూసుకోకుండా నడిపానేమో అనుకున్నాను. అతని మిషను తల నా దానితో పోల్చి చూద్దామని ఆదివారం పొద్దున వాళ్ళ సొసైటీకి పోయాను. అతను డ్యూటీలో ఉన్నాడు. అతని భార్య నన్ను బావా అని పిలిచే మంచి పిల్ల. మిషను చూస్తానంటే పార్కింగులోకి తీసుకుపోయి గోనెపట్టా లాగింది. దాని కింద ఎర్రటిది, బరువైనది, ఇత్తడి తలది ఉంది.

"మరి నీలంది?"

"అది వచ్చిన వారానికే ఖరాబైంది గద బావా! ఇంకో గిరాకీని తెస్తే మార్చి వేరేది ఇస్త అన్నడు షాపాయన. మొన్న ఎవర్నో తోల్కపోయిండంట, గప్పుడు గిది అడిగి తెచ్చుకున్నడు."

ఆమెకు ఏమీ తెలియదు. ఛాయ్ తాగి పొమ్మంది. తాగాను కూడా. కోపం తర్వాత వచ్చింది, ముందు సిగ్గేసింది. ఆ ఎవరో నేనే. నేను ఎంచుకున్న మిషను పేరు నా నోటితోనే విని, నన్ను అమ్మి, దాన్ని తను తెచ్చుకున్నాడు. ఇంటికొచ్చి చెబితే నా భార్య ఒక్క మాటే అంది.

"నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు."

ఆ వారమే బస్సులో సీట్లు మళ్ళీ కొన్ని పెంచారు. మా పాత వరసలో మధ్య సీటుకు అడ్డంగా టేపు అంటించి ఉంది. దానికి అటూ ఇటూ కూర్చుని అడిగాను.

"రెండు నెలల సంది నడుస్తున్నది అంటివి గద తమ్మీ?"

అతను కిటికీలోంచి చూశాడు. "నువ్వు మెకానిక్‌వి అన్నా. ఖరాబైనా నువ్వే బాగ చేస్కుంటవనుకున్న. గా బొమ్మ మిషినికి గింత ఫికరేంది? ప్లాంటుల నేనెన్నడన్న తప్పు టిక్కు పెట్టిన్నా?"

నిజమే, ప్లాంటులో ఎన్నడూ పెట్టలేదు. అదే నన్ను ఎక్కువ కాల్చింది. నా భార్య ఊపిరి సంగతి తెలిసి, నవ్వుతూ, నా కళ్ళ ముందే గీసిన టిక్కు అది. అదే మార్కర్, అదే చెయ్యి.

నాలుగు రోజులకు మరమ్మతు అయిన పంపు ఒకటి మా దగ్గరికి వచ్చింది. ఒంటి మీద పసుపు టిక్కు ఇంకా తడిగా ఉంది. మావాళ్ళు బిగించబోతుంటే ఆగమన్నాను. స్పానర్ తీసుకుని పైమూత బోల్టులు ఒక్కొక్కటే విప్పాను. పని ఆగిపోయింది, అందరూ చూస్తున్నారు. షెడ్డు అవతల అతనూ నిలబడి చూస్తున్నాడు.

లోపల ఒక్క తప్పు లేదు. ప్రతి రింగూ దాని చోట్లో ఉంది. మూత బిగించాను. చేతులు తుడుచుకుని తల ఎత్తేసరికి అతను లేడు.

మర్నాడు ఇంకో పంపు వచ్చింది. దాన్ని కూడా విప్పాను.