గుట్ట దిగిన సైన్యం

ముందే చెప్తున్నాను... ఆ రాత్రి నేను చుక్క కూడా ముట్టలేదు. జ్వరం లేదు. నిద్రమత్తు అసలే లేదు. సాక్షి కూడా ఉన్నాడు, జర్మనీలోనే, వాల్డార్ఫ్‌లో ఉండే మా జోసెఫ్. జరిగినదంతా వాడు ఒప్పుకుంటాడు... ఒక్క విషయం తప్ప.

అది లాక్‌డౌన్ చలికాలం. డ్యూసెల్‌డార్ఫ్‌లో నేనొక్కణ్ణే ఉన్నాను. ఒక గది, వెనక చిన్న వంటిల్లు. పిచ్చెక్కకుండా నన్నూ, నా స్నేహితులిద్దర్నీ కాపాడింది సమురాయ్‌లు, పాతకాలపు జపాన్ యోధులు. నవ్వకండి. ఇక్కడి జపాన్ వాళ్ల దుకాణంలో అంతకుముందెప్పుడో ఒక యుద్ధం ఆట కొన్నాను. నాలుగు వందల ఏళ్ల కిందటి సెకిగహారా యుద్ధం. పెద్ద మ్యాపు, దాని మీద నిలువుగా నిలబెట్టే చెక్క పావులు. ఒక్కో పావు ఒక్కో దళం. ఈటెలవాళ్లు, తుపాకులవాళ్లు, గుర్రాలవాళ్లు. తూర్పు సైన్యం నాది, పడమటి సైన్యం జోసెఫ్‌ది. కొండమీద కూర్చుని ఎటూ తేల్చని మూడో సైన్యం నవీన్‌ది. నవీన్ మా ఇద్దరికీ స్నేహితుడు, వరంగల్ వాడు, డ్రెస్డెన్‌లో చదువుతున్నాడు. ఆట నా టేబుల్ మీద ఉండేది, పైన కెమెరా. వాళ్లిద్దరూ వీడియో కాల్‌లో చెప్తే పావులు నేను జరిపేవాణ్ణి.

అసలు యుద్ధంలోనూ ఇంతేనట. కొండమీది సేనాపతి పొద్దున్నుంచీ కదల్లేదు. మావాడేనని వీళ్లూ, మావాడేనని వాళ్లూ అనుకుంటూ కూర్చున్నారు. అతను ఎటు దిగితే అటు గెలుపు. మా నవీన్ కూడా వారాల తరబడి దిగలేదు. గోంగూర పచ్చడి పోస్టులో పంపుతానని నేను, పూతరేకులు పంపుతానని జోసెఫ్ బతిమాలేవాళ్లం.

"ఆగుండ్రి బే. ముందు రెండూ పంపుండ్రి, తిని చెప్త," అనేవాడు నవీన్. మేం పడీ పడీ నవ్వేవాళ్లం.

అలాంటివాడికి కరోనా వచ్చింది. మొదట దగ్గు... తర్వాత ఆయాసం. ఒక సాయంత్రం ఆసుపత్రి నుంచి మెసేజ్ పెట్టాడు. "ఆక్సిజన్ పెడ్తున్రు. నా గుట్ట ముట్టుకుంటే ఊకోను." అంతే. ఫోన్ ఆగిపోయింది. ఆసుపత్రికి ఫోన్ చేస్తే బంధువులకైతేనే చెప్తామన్నారు.

ఆ రాత్రి నేనూ జోసెఫూ కాల్‌లోనే ఉన్నాం. నవీన్ పోతాడేమోనని ఇద్దరికీ భయం. ఆ మాట పైకి అనడానికి ఇంకా భయం. బయట మంచు పడుతోంది. ఖాళీ ట్రామ్ ఒకటి వెళ్లిపోయింది... ఆ తర్వాత చప్పుడే లేదు.

టీ పెట్టుకుందామని వంటింట్లోకి వెళ్లాను. చెవుల్లో ఇయర్‌ఫోన్లు అలాగే ఉన్నాయి. పాలు పొంగడానికి వస్తున్నాయి...

టక్.

చెక్కమీద చెక్క పెట్టిన చప్పుడు.

"ఒరేయ్ శ్రీధర్... ఆడుతున్నావా ఏంటి?" అన్నాడు జోసెఫ్.

"లేదురా. వంటింట్లో ఉన్నా."

"మరి ఆ చప్పుడేంటి?"

టక్... టక్...

"కెమెరాలో చూడరా!"

"ఏం చూడనురా, బొమ్మ ఆగిపోయింది! చప్పుడొక్కటే వస్తోంది!"

టక్.

తర్వాత సర్ర్‌మని... ఏదో మెల్లగా జరిగినట్టు. ఆగింది. మళ్లీ జరిగింది. ఎవరో తొందర లేకుండా, చూసి చూసి పెడుతున్నట్టు.

స్టవ్ ఆపాను. చేతిలో టీ జల్లెడ ఉంది. దాన్నే కత్తిలా పట్టుకుని నడిచాను. తలుపు ఓరగా ఉంది. మోచేత్తో నెట్టాను.

గదిలో ఎవరూ లేరు. కిటికీ గడియ వేసే ఉంది. దీపం వెలుగుతోంది. మ్యాపు మీద... కొండ ఖాళీగా ఉంది.

నవీన్ పావులన్నీ కిందకి దిగి ఉన్నాయి. ఒక్కటీ పడిపోలేదు. వరసగా, నిటారుగా, నా సైన్యం పక్కటెముకలకి గురిపెట్టినట్టు నిలబడి ఉన్నాయి. ముందున్నదాన్ని వేలితో తాకాను. వెచ్చగా ఉంది. హీటర్ అవతలి గోడకి ఉంది, టేబుల్ దగ్గర కాదు. జ్వరం వచ్చిన నుదురు అలాగే ఉంటుంది.

తెల్లవార్లూ మంచం మీద దుప్పటి కప్పుకుని కూర్చున్నాను. లైటు ఆపలేదు. కాల్ కూడా ఆపలేదు.

పొద్దున్న మా ఇద్దరి కాల్‌లోకే నవీన్ పేరు వచ్చింది. గొంతు బొంగురు... కానీ వాడిదే.

"బతికే ఉన్న బే. రాత్రి శాన కష్టమైంది. ఇప్పుడు ఆక్సిజన్ తగ్గిస్తున్రు. ఇగ నా ఎత్తు చెప్తున్న. దిగుతున్న... జోసెఫ్ దిక్కు."

జోసెఫ్ వేసిన కేకకి వాల్డార్ఫ్‌లో పక్కింటివాళ్లు గోడ కొట్టారట. నేను మాత్రం మ్యాపు వైపే చూస్తున్నాను.

"నువ్వు... రాత్రే దిగేశావురా," అన్నాను చివరికి. అంతా చెప్పాను.

నవీన్ ఒక్కటే అడిగాడు.

"పడకుంట దిగిన్నా?"

"పడకుండానే దిగావురా."

"గంతే మల్ల!" అని నవ్వాడు. నవ్వుతూ దగ్గాడు, దగ్గుతూ నవ్వాడు. మేమిద్దరం ఏడ్చేశాం. నా సైన్యం మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. ఓడిపోయి అంత సంబరపడటం నా జన్మలో అదొక్కసారే.

నువ్వే జరిపావంటాడు జోసెఫ్ ఇప్పటికీ. ఓడిపోయే ఎత్తు నా చేత్తో నేనెందుకు వేస్తానని గట్టిగా వాదిస్తాను. క్యారమ్స్‌లో ఓడితేనే రెండు పూటలు మాట్లాడని మనిషిని నేను. దాంతో వాడు మాట మారుస్తాడు.

కానీ వాడికి చెప్పనిది ఒకటుంది. పాలు పొంగబోతున్నప్పుడు, పెదవి కూడా కదపకుండా, నేనొక మాట అనుకున్నాను. ఈ యుద్ధం నేను ఓడిపోతాను... వాణ్ణి మాత్రం మాకు ఉంచు. ఎవరితో అన్నానో నాకే తెలియదు. మనసులో ఆ మాట పూర్తయ్యీ కాకముందే వినిపించింది... టక్.